ధర వేరు, విలువ వేరు

మన కళాశాల వరండాలలో రెండు భాషలు ప్రక్కప్రక్కనే నడుస్తూ ఉంటాయి. ఉర్దూలో ‘కీమత్’ అన్న మాట ఒకటి, ‘ఖద్ర్’ అన్న మాట మరొకటి ఉన్నవి. తెలుగులో మనం ధర అంటాము, విలువ అంటాము. ధర అంగట్లో చీటీ మీద వ్రాసి ఉంటుంది. విలువ మాత్రం వస్తువును ఇంటికి తెచ్చుకొని, నెలల తరబడి వాడుకొన్న పిమ్మటనే తెలుస్తుంది. ఈ రెండింటికీ గల భేదం మా కుటుంబానికి ఒక చిన్న సెడాను కారు ద్వారా తెలిసివచ్చినది. ఆ సంగతిని విద్యార్థి మిత్రులతోను, కళాశాల పెద్దలతోను పంచుకొనుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

కారును గురించి వ్యాసమేమిటని కొందరు నవ్వవచ్చును. ఒకప్పుడు కారు అనగా కలవారి గుమ్మం ముందరి అలంకారం. నేడు ఉపాధ్యాయుడు, గుమాస్తా, చిన్న దుకాణదారు కూడా కారును గురించి ఆలోచించే రోజులు వచ్చినవి. సామాన్య కుటుంబం ఇంటి తరువాత అంత పెద్ద మొత్తం ఒకేసారి వెచ్చించి కొనే వస్తువు అదే. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న పెద్దలు ఈనాడు ఉంటే ‘కారు కొని చూడు’ అని మూడవ మాటను కూడా చేర్చి ఉండేవారేమో!

సెడాను అనగా మూడు పెట్టెల బండి. ముందు ఇంజనుకొక పెట్టె, నడుమ మనుషులకొక పెట్టె, వెనుక సామానుకొక పెట్టె. ఈ వెనుక పెట్టెనే మనం డిక్కీ అంటాము. మన దేశంలో ఈ ఆకారం క్రొత్తది కాదు. ఉత్తరపాడలో తయారైన అంబాసిడరు, బొంబాయిలో తయారై తరువాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకొన్న ఫియట్ కారు, రెండును ఈ కోవకు చెందినవే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత వెనుక పెట్టె లేని పొట్టి కార్లకు మంచి కాలం వచ్చినది. అయినను మనవారికి డిక్కీ మీద మమకారం పోలేదు. పెళ్ళికి పోయినా, పండుగకు పోయినా మనం చేతులూపుకొంటూ పోయేవారము కాదు కదా! పోయేటప్పుడు బియ్యం మూట, వచ్చేటప్పుడు మామిడిపండ్ల బుట్ట మనతో కూడా ప్రయాణం చేయవలసినదే.

డిక్కీ ఉన్న కారు సామాన్యునికి అందుబాటులోనికి వచ్చుటకు ఇంజనీర్ల ప్రతిభ ఎంత కారణమో, పన్నుల చట్టంలోని ఒక గీత కూడా అంతే కారణం. 2006 కేంద్ర బడ్జెటులో చిన్న కార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అనగా ఏది? పొడవు 4 మీటర్లకు మించరాదు. పెట్రోలు ఇంజను 1200 సి.సి.కి, డీజిలు ఇంజను 1500 సి.సి.కి మించరాదు. ఇదీ ఆ గీత. అప్పటి సెడానులు 4 మీటర్ల కంటె పొడుగైనవి. 2008లో టాటావారు తమ ఇండిగో కారు తోకను కత్తిరించి, ఇండిగో సి.ఎస్. అన్న పేరుతో ఆ గీతకు లోబడిన సెడానును తీసుకొని వచ్చారు. అదే సంవత్సరం మార్చిలో వచ్చిన మారుతి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు, అనగా గీతకు ఆవల నిలిచినది. 2012లో వచ్చిన రెండవ తరం డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. గీతకు సరిగ్గా 5 మిల్లీమీటర్లు ఇవతల! ఆ తరువాత హోండా అమేజ్ (2013), హ్యుందాయ్ ఎక్సెంట్ (2014), టాటా టిగోర్ (2017), హ్యుందాయ్ ఆరా (2020) వరుసగా అదే కొలతలో వచ్చినవి. దర్జీ గుడ్డను బట్టి చొక్కా కుట్టినట్లు, ఇంజనీరు చట్టాన్ని బట్టి డిక్కీని కుట్టినాడన్నమాట. 2018వ సంవత్సరంలో మన దేశంలో అన్నింటికంటె ఎక్కువగా అమ్ముడైన కారు డిజైరే.

ఇక మా ఇంటి సంగతి. మేము ముగ్గురన్నదమ్ములము. ఉండేది కర్నూలులో, ఒకే పొయ్యి మీద వంట. అమ్మకు వెన్నెముక వ్యాధి వచ్చిన నాటి నుండి నెలకొకసారి హైదరాబాదు ఆసుపత్రికి తీసుకొని పోవలసి వస్తున్నది. పోను 210 కిలోమీటర్లు, రాను 210 కిలోమీటర్లు. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. కిరాయి కారు పిలిస్తే రానుపోను ఆరేడు వేలు అయ్యేది. అంతకంటె బాధాకరమైనది మరొకటున్నది. చక్రాల కుర్చీ పట్టదని కొందరు డ్రైవర్లు గుమ్మం వరకు వచ్చి తిరిగిపోయేవారు. అటువంటి ఉదయాలలో అమ్మ, “ఈ నెల మానేద్దాము లేరా, నాకు బాగానే ఉన్నది” అనేది. బాగా లేదని మాకందరికీ తెలుసును. ఆ మాట విన్నప్పుడల్లా మా ముగ్గురికీ తల వంగిపోయేది. 2024 చివరలో కారు కొనవలెనని నిశ్చయించుకొన్నది అందుకే.

నాన్నగారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. పాత క్యాలెండరు కాగితం తిరగవేసి దాని వెనుక నాలుగు ప్రశ్నలు వ్రాసి మా ముందుంచారు. చక్రాల కుర్చీ పడుతుందా? ప్రమాదం వస్తే ప్రాణం నిలుపుతుందా? ఇంధనం ఎంత త్రాగుతుంది? చెడిపోతే మన ఊళ్ళోనే బాగుచేస్తారా? రంగు ఏమిటన్న ప్రశ్న మా తమ్ముడు వ్రాయబోతే ఆయన కలం ఇవ్వలేదు. “ముందు ఈ నాలుగింటికి జవాబు తీసుకొని రండి నాయనా, రంగు సంగతి అమ్మ చూసుకొంటుంది” అన్నారు.

మొదటి ప్రశ్నకు జవాబు కాగితాల మీద దొరికేది కాదు. నాల్గవ తరం డిజైర్ 2024 నవంబరులో విడుదలైనది. దాని డిక్కీ 382 లీటర్లని పుస్తకంలో ఉన్నది. అదే కుటుంబానికి చెందిన, డిక్కీ లేని స్విఫ్ట్ కారులో వెనుక చోటు 265 లీటర్లు మాత్రమే. కాని లీటర్లతో చక్రాల కుర్చీని కొలిచేదెట్లు? కనుక కుర్చీనే దుకాణానికి తీసుకొని పోయినాము. అక్కడి యువకుడు ఆశ్చర్యపడి చూస్తూ ఉండగా, దానిని మడిచి డిక్కీలో పెట్టి, ప్రక్కన ఒక పెట్టె, ఒక నీళ్ళ క్యాను పెట్టి మూత వేసి చూశాము. మూత పడినది. మొదటి ప్రశ్నకు ఎదుట మా అన్నయ్య టిక్కు పెట్టినాడు.

ఈ కారు గ్యాసుతో నడిచే రకంలో కూడా దొరుకుతుంది. కిలో సి.ఎన్.జి.కి 33.73 కిలోమీటర్లు నడుస్తుందని కంపెనీవారి లెక్క. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవారికి అది ఎంతో లాభకరమైనదే. కాని గ్యాసు సిలిండరు డిక్కీలో చాలా భాగాన్ని ఆక్రమిస్తుంది. సెడాను కొనేది డిక్కీ కోసం. ఆ డిక్కీని సిలిండరుకు అప్పగిస్తే మాకు మిగిలేదేమిటి? ఇంకొకరికి గుణమైనది మనకు గుణం కాకపోవచ్చునని ఇక్కడ తెలిసినది. పెట్రోలు రకమే తీసుకొన్నాము. 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను, 37 లీటర్ల టాంకు. చేతితో గేర్లు మార్చే రకం లీటరుకు 24.79 కిలోమీటర్లు నడుస్తుందని ప్రకటించారు. పరీక్షలో వచ్చిన అంకె వేరు, మన రోడ్డు మీద ఎద్దుల బండి, ఆటో, స్పీడు బ్రేకరు దాటుకొంటూ వచ్చిన అంకె వేరు. ఇది ఏ కారుకైనను వర్తించే మాట. కనుక మేము మా లెక్కలో లీటరుకు 20 కిలోమీటర్లనే వ్రాసుకొన్నాము.

రెండవ ప్రశ్న ప్రాణానికి సంబంధించినది. చవక కారులో రక్షణ కూడా చవకగానే ఉంటుందన్న అభిప్రాయం ఒకప్పుడు నిజమే. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు కార్లను గోడకు గుద్దించి పరీక్షించినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్ కారుకు ఒక్క నక్షత్రం కూడా రాలేదు. ఆ తరువాత చట్టం మేలుకొన్నది. 2019 నుండి క్రొత్త కార్లన్నింటిలో బ్రేకులు పట్టివేయకుండా చూసే ఎ.బి.ఎస్. పరికరం, డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయినవి. 2024లో అదే సంస్థ పరీక్షలో క్రొత్త డిజైర్ పెద్దల రక్షణలో ఐదు నక్షత్రాలు, పిల్లల రక్షణలో నాలుగు నక్షత్రాలు సంపాదించినది. మారుతి కార్లలో ఐదు నక్షత్రాలు పొందిన మొదటిది ఇదే. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి ప్రక్కకు జారకుండా కాపాడే పరికరం, అందరికీ మూడు చోట్ల బిగిసే బెల్టులు అన్ని రకాలలోను ఉన్నవి; ఎక్కువ డబ్బు పెట్టిన వానికే ప్రాణరక్షణ అన్న భేదం వాటిలో లేదు. పదేళ్ళలో ఇంత మార్పు వచ్చినదంటే, అందుకు పరీక్షించి నిజం చెప్పినవారు, చట్టం చేసినవారు, అడిగి తెలుసుకొని కొన్నవారు అందరును కారకులే.

అయితే ఐదు నక్షత్రాలు మనలను కాపాడుతాయని బెల్టు పెట్టుకోక కూర్చుంటే ప్రయోజనం లేదు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద జరిగిన ప్రమాదంలో ప్రముఖ పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. ఆయన ప్రయాణం చేసినది ఎంతో ఖరీదైన కారులో. వెనుక సీటులో ఉన్న ఆయన బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు తెలిపారు. వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవలెనని చట్టమున్నా, మనలో ఎందరికి ఆ అలవాటు ఉన్నది? మా ఇంట్లో అమ్మ బెల్టు బిగిసిన చప్పుడు వినిపించేవరకు అన్నయ్య బండి కదిలించడు. కోట్ల కారులో బెల్టు లేని ప్రయాణం కంటె, లక్షల కారులో బెల్టుతో ప్రయాణం మేలు కదా!

ఇక ధర. విడుదలైననాడు ఈ కారు 6.79 లక్షల నుండి 10.14 లక్షల వరకు పలికినది. నడుమ ఉన్న 3.35 లక్షల భేదం ఎక్కడ ఉన్నది? కప్పుకు తెరుచుకొనే అద్దం, పెద్ద తెర, మెరిసే చక్రాలు, తనంతట తాను గేర్లు మార్చుకొనే ఏర్పాటు మొదలైనవాటిలో ఉన్నది. ఇవి చెడ్డవి అనుట మా అభిప్రాయం కాదు. మోకాలి నొప్పి గలవారికి గేర్ల ఏర్పాటు నిజంగా ఉపకారమే. కాని కర్నూలు ఎండలో కప్పు తెరుచుకొని పోయే దినాలు ఏడాదికి ఎన్ని? పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. మేము 7.79 లక్షల రకం తీసుకొన్నాము.

ఆ ధరతోనే పని తీరదు. జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను, బీమా కలిపితే ఇంచుమించు మరొక లక్షన్నర చేరినది. క్రొత్త కారుకు ఇతరులకు కలిగే నష్టానికి సంబంధించిన బీమా మూడేళ్ళకు ఒకేసారి కట్టవలెనన్న నియమం 2018 నుండి ఉన్నది. ముగ్గురి పొదుపు పోగా 5 లక్షలు అప్పు చేయవలసి వచ్చినది. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ లెక్కను శ్రద్ధగా చూడవలెను. వడ్డీ ఏడాదికి 9 శాతమైతే, ఐదేళ్ళలో తీర్చుటకు నెలకు 10,379 రూపాయలు; ఏడేళ్ళలో తీర్చుటకు నెలకు 8,045 రూపాయలు. నెలకు రెండు వేల మూడు వందలు తగ్గినదని సంతోషించి ఏడేళ్ళు ఎంచుకొన్నవాడు చివరకు 53 వేల రూపాయలు అదనంగా చెల్లిస్తాడు. కంతు చిన్నదైనంత మాత్రాన అప్పు చిన్నది కాదు. మేము ఐదేళ్ళే ఎంచుకొన్నాము. ఆ ఐదేళ్ళు ఇంట్లో క్రొత్త ఫర్నిచరు మాట ఎత్తరాదని వదిన శాసనం చేసినది.

ఈ చిన్న సెడానుల పరిమితులు కూడా చెప్పవలెను. వీటి సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. నడుము పట్టినవారు ముందు ప్రక్కకు కూర్చుని, పిమ్మట కాళ్ళు లోపలికి తీసుకోవలెను. వెనుక ముగ్గురు కూర్చుంటే నడుమ ఉన్నవానికి ఓర్పు కావలెను. గుంతల దారిలో ఎత్తైన జీపువంటి బండికి ఉన్న ధైర్యం వీటికి లేదు. కాని జాతీయ రహదారి మీద సాగే ప్రయాణంలో, డిక్కీ వేరుగా ఉండుట వలన సామాను చప్పుడు లోపలికి రాదు. అమ్మ జడ్చర్ల చేరేలోపలే నిద్రపోతుంది. ఒకప్పుడు ఆ దారి పొడవునా ఆమె మూలుగు వినిపించేది.

ఇప్పుడు రూపాయల లెక్క చూతము. రానుపోను 420 కిలోమీటర్లకు 21 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకొంటే 2,310 రూపాయలు. టోలు రుసుములు వేరు. కిరాయి కారుతో పోల్చితే నెలకు మూడు నాలుగు వేలు మిగిలినట్లు కనబడుతుంది. కాని కంతు పదివేల పైమాట. కనుక కేవలం పద్దు పుస్తకం ప్రకారం కారు కొనుట నష్టమే. ఈ సత్యాన్ని దాచి, ‘కారు డబ్బు ఆదా చేస్తుంది’ అని మేము చెప్పజాలము. నెలకొక ప్రయాణం ఉన్న ఇంటికి కారు ఆదా చేయదు.

ఇంతలో 2025 సెప్టెంబరు 22 వచ్చినది. చిన్న పెట్రోలు కార్లపై సెస్సుతో కలిపి 29 శాతంగా ఉన్న పన్ను ఆనాటి నుండి 18 శాతానికి తగ్గినది. డిజైర్ ప్రారంభ ధర 6.26 లక్షలకు దిగినది. మేము కొన్న రకం మీద ఇంచుమించు అరవై వేలు తేడా వచ్చినది. ఆ సాయంకాలం పత్రిక చదివి మా తమ్ముడు నిట్టూర్చినాడు. “తొమ్మిది నెలలు ఆగి ఉంటే అరవై వేలు మిగిలేవి నాన్నగారూ” అన్నాడు. నాన్నగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఈ తొమ్మిది నెలలలో మీ అమ్మ తొమ్మిదిసార్లు ఆసుపత్రికి పోయి వచ్చినది. ‘ఈ నెల మానేద్దాము’ అన్న మాట ఒక్కసారైనా అన్నదా? ఆ పద్దు ఏ పుస్తకంలో వ్రాస్తావు నాయనా?” అన్నారు. ఇల్లంతా మౌనమైనది. లోపలి గది నుండి అమ్మ, “ఆ అరవై వేలూ నేనే తిన్నాననుకోండి!” అన్నది. అందరము నవ్వినాము, వదిన కళ్ళు తుడుచుకొన్నది.

ధరకు, విలువకు గల భేదం ఇంతకంటె స్పష్టంగా మాకు ఏ గ్రంథమూ చెప్పలేదు. పన్ను మారితే ధర మారుతుంది. గుమ్మం దాటిన క్షణం నుండి కారు ధర పడిపోతూనే ఉంటుంది; పదేళ్ళకు అది పాత ఇనుముతో సమానం కావచ్చును. విలువ అట్లు కాదు. అది ఎవరిని ఎక్కించుకొని ఎక్కడికి పోయినదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. మా కారు తాళం వాకిట మేకుకు వ్రేలాడుతూ ఉంటుంది. వీధిలో ఎవరికి పురుటి నొప్పులు వచ్చినా, అర్ధరాత్రి గుండె నొప్పి వచ్చినా, ఆ మేకు ఎక్కడున్నదో పొరుగువారికి తెలుసును. అది మాకు గర్వకారణం.

ఇదే కారుకు మరొక ముఖం కూడా కలదు. పెళ్ళి మాటలలో “మాకేమీ వద్దు, ఒక చిన్న సెడాను చాలు” అనే పెద్దమనుషులు మన మధ్యనే ఉన్నారు. వరకట్న నిషేధ చట్టం వచ్చినది 1961లో. అప్పటి నుండి ఇప్పటి వరకు అడిగే వస్తువు మారినదే గాని అడిగే బుద్ధి మారలేదు. ఆడపిల్ల తండ్రి ఐదేళ్ళ కంతుల మీద అల్లుడు షికారు చేస్తే ఆ కారుకు ధర ఉన్నది గాని విలువ ఎక్కడిది? మన కళాశాల విద్యార్థులు రేపు ఆ పెళ్ళి మాటలలో కూర్చోబోయేవారే. అటువంటి తాళం చెవిని చేతితో ముట్టనని వారు ఈనాడే నిశ్చయించుకోవలెను.

విద్యార్థి మిత్రులారా! నాలుగేళ్ళకో ఐదేళ్ళకో మీరును సంపాదనపరులవుతారు. మీ గుమ్మం ముందు కూడా ఒక చిన్న కారు నిలుస్తుంది. నిలవవలెనని మా కోరిక. ఆనాడు ప్రకటనలోని బొమ్మను కాక, మీ ఇంట్లోని మనుషులను ముందు చూడండి. ఎవరికి మెట్లు కష్టం, ఎవరికి దూరం కష్టం, ఎవరు అడగలేక మానుకొంటున్నారో చూడండి. పాత కాగితం వెనుక నాలుగు ప్రశ్నలు వ్రాసుకొనండి. కంతును కాదు, మొత్తం అప్పును లెక్కవేయండి. అవసరం లేకపోతే కొనకండి. బస్సులో ప్రయాణం చేయుట చిన్నతనం కాదు. అవసరమైతే వెనుకాడకండి. కొన్న తరువాత బెల్టు మరువకండి, తాళాన్ని నలుగురికీ అందే మేకుకు తగిలించండి.